బాబిన్లు తిప్పే బాబు: రాయదుర్గం ఇంట్లో, అమ్మ చేతుల మీదుగా 12 వారాల ఫోన్ కోచింగ్

ఊరు అనంతపురం జిల్లా రాయదుర్గం. బాబు వయసు 3 ఏళ్ల 8 నెలలు. ఇంట్లో అమ్మ, నాన్న, నాన్నమ్మ. ఆమెను అందరూ అవ్వ అంటారు. ముందుగదిలో రెండు పవర్ కుట్టు మిషన్లు ఉన్నాయి. జీన్స్ ప్యాంట్ల జేబులూ నడుం పట్టీలూ పీసు లెక్కన కుట్టి ఇస్తారు. ఆ ఊళ్లో చాలా ఇళ్ల బతుకు ఇదే. బాబుకు ఆటిజం అని నిర్ధారణ అయింది. నాలుగు మాటలు వచ్చు గానీ అవసరం పడినప్పుడు ఒక్కటీ నోటికి రాదు. మిషన్‌లో దారం చుట్టి పెట్టే చిన్న చక్రాన్ని బాబిన్ అంటారు. తల్లిదండ్రులు చెప్పుకున్న కష్టం ఒకటే: "పొద్దస్తమానం బాబిన్లు తిప్పుకుంటా కూసుంటాడు. చేతిలోంచి తీసుకుంటే వీధంతా వినబడేట్టు అరుస్తాడు."

రాయదుర్గం నుంచి థెరపీ సెంటర్ ఉన్న అనంతపురానికి సుమారు 100 కిలోమీటర్లు. బిడ్డను తీసుకుని బస్సులో రానూపోనూ ఒక రోజు, అందులో ఇద్దరి కూలీ పోతుంది. వారానికి రెండుసార్లు రమ్మంటే మూడో వారానికి ఎవరైనా మానేస్తారు. మానేసినందుకు వాళ్లను తప్పుపట్టడానికి లేదు. పైగా బాబు బాబిన్ తిప్పేది ఆ ముందుగదిలో, ఆ మిషన్ చప్పుడు మధ్య. సెంటర్‌లో బొమ్మలు పరిచిన గదిలో వాడు నేర్చుకున్నది ఇంటి గడప దాటి లోపలికి వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే థెరపిస్టులుగా మేం మొదటి చూపు మాత్రం ఎదురుగా చూసి, మిగతా పనంతా వీడియో కాల్‌లో అమ్మ చేత చేయించాం.

ఇది ఒక్క బిడ్డ కథ కాదని ముందే చెప్పాలి. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా, ఇలాంటి ఇళ్లలో పని నడిచే తీరును కలిపి ఒక కేసుగా కూర్చాం. కింద వచ్చే అంకెలు పని ఎలా సాగుతుందో చూపడానికే. వాటిని సర్వే లెక్కలుగా తీసుకోవద్దు.

ఏది ముట్టుకోవాలి, ఏది ముట్టుకోకూడదు

1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం గురించి మొదటగా రాసినప్పుడే, అన్నీ ఉన్నది ఉన్నట్టే ఉండాలని ఈ పిల్లలు పడే ఆత్రాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. మానసిక వైద్యులు నిర్ధారణకు వాడే అమెరికా పుస్తకం డీఎస్ఎం-5 (2013) ఈ భాగాన్ని నాలుగు రకాలుగా విడదీసింది: ఒకే కదలికను, వస్తువు వాడకాన్ని, మాటను మళ్లీ మళ్లీ చేయడం, మార్పు తట్టుకోలేకపోవడం, ఒకే విషయం మీద విపరీతమైన పట్టు, చప్పుడు, వెలుగు, స్పర్శ లాంటివాటికి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో స్పందించడం. నిర్ధారణకు వీటిలో కనీసం రెండు ఉండాలి.

మా బాబులో నాలుగూ కనబడ్డాయి. సంతోషం వస్తే రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తాడు. చెంప నేలకానించి పడుకుని, తిరిగే బాబిన్‌ను ఓరకంట చూస్తాడు. నీళ్లు ఆ ఒక్క స్టీలు గ్లాసులోనే తాగుతాడు. ఫ్యాన్ ఆగితే ఏడుపు మొదలు. కుటుంబం అన్నీ మాన్పించమంది. మేం ఒక్కోదానికి మూడు ప్రశ్నలు వేశాం. దీనివల్ల ఒంటికి దెబ్బ తగులుతోందా? నేర్చుకునే వేళను ఇది మింగేస్తోందా? ఇంటిల్లిపాదినీ కట్టిపడేస్తోందా? మూడింటికీ "లేదు" అని వస్తే దాని జోలికి పోకూడదు.

చేతులు ఆడించడం అలా పక్కకు పోయింది. అది వాడి సంతోషం. చుట్టుపక్కలవాళ్లు చూస్తున్నారని ఆ చేతుల మీద కొట్టే అలవాటు ఆ ఇంట్లో ఉండేది. మొదటి రోజే దాన్ని ఆపించాం. మా దృష్టిలో మొత్తం 12 వారాల్లో అదే అతి ముఖ్యమైన నిర్ణయం. గ్లాసు సంగతీ వదిలేశాం, అలాంటిదే ఇంకొకటి కొని పెట్టుకుంటే సరిపోయింది. మిగిలినవి రెండు: బాబిన్, ఫ్యాన్. బాబిన్ రోజులో ఎక్కువ భాగం తినేస్తోంది, పైగా మిషన్ సూది పక్కనే చెయ్యి పెట్టిస్తోంది. ఫ్యాన్ వల్ల ఎండాకాలం కరెంట్ పోయిన ప్రతిసారీ ఇల్లు యుద్ధభూమి అవుతోంది.

ఫోన్ ఎత్తే ముందు

వీడియోలో కనబడనివి కొన్ని ఉంటాయి. వాటిని ఎదురుగా చూసి తేల్చుకున్నాకే కోచింగ్ మొదలెట్టాలి. వినికిడి పరీక్ష కావాలి. మాట రాని బిడ్డకు ఇది తప్పనిసరి, "పిలిస్తే అప్పుడప్పుడు తిరుగుతాడు" అన్న మాట చాలదు. ఓరచూపు ఉంది కాబట్టి కంటి పరీక్ష కావాలి. ఉన్నట్టుండి చూపు నిలిచిపోయి, తాకినా పలకకుండా కొన్ని సెకన్లు ఉండిపోతే అది మూర్ఛ కావచ్చు, నరాల డాక్టర్ చూడాలి. తిప్పడం, ఊగడం అలా ఉండవు. పేరు పెట్టి గట్టిగా పిలిచినా, ఇష్టమైన తినుబండారం చూపినా మధ్యలో ఆగుతాయి. రక్తహీనత, పంటినొప్పి, మలబద్ధకం కూడా చూడాలి. కడుపు నాలుగు రోజులుగా బిగిసిన బిడ్డలో ఈ ప్రవర్తనలు పెరగడం మామూలే. ఈ బాబుకు హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే పిల్లల డాక్టర్ ఐరన్ సిరప్ ఇచ్చారు.

"దీనికి మందు లేదా?" అని నాన్న అడిగాడు. ఎవరైనా అడుగుతారు. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ మందులకు అమెరికాలో ఆమోదం ఉన్నది ఆటిజంతో వచ్చే తీవ్రమైన చిరాకు, ఎగబడడం లాంటివాటికి, తిప్పుడుకు కాదు. డిప్రెషన్‌కు వాడే సిటలోప్రామ్‌ను ఈ ప్రవర్తనల కోసమే 149 మంది పిల్లల మీద పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు, ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కనబడలేదు. ఇంత చెబితే చాలు, నాన్న మళ్లీ అడగలేదు.

కాగితాల పని కూడా అప్పుడే చెప్పేయాలి. ఆటిజం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. ఆటిజం తీవ్రతను కొలిచే 40 అంశాల ఐసా స్కేలుతో మదింపు చేసి దివ్యాంగ సర్టిఫికెట్ ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు వస్తుంది.

ఫోన్ అమరిక

ఇంట్లో ఒక్కటే ఆండ్రాయిడ్ ఫోన్. బాబుకు ఫోన్ కనబడితే అదే కావాలి, ఇక సెషన్ పోయినట్టే. అందుకని వెనక కెమెరా వాడించాం. స్క్రీన్ గోడ వైపు, వెనక భాగం గది వైపు. అమ్మ మా ముఖం చూడక్కర్లేదు, మా మాట వింటే చాలు. ఒక చెవిలో నెక్‌బ్యాండ్, రెండో చెవి బిడ్డకు. స్టాండ్ కొనలేదు. కిలో బియ్యం పోసి కుట్టిన చిన్న గుడ్డసంచిలో ఫోన్‌ను గుచ్చి, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో గూట్లో పెట్టారు. కిటికీ ఫోన్‌కు వెనక ఉండాలి. ఎదురుగా ఉంటే బిడ్డ నల్లటి నీడలా తప్ప కనబడడు. ఫోన్‌కూ బిడ్డకూ మధ్య ఆరేడు అడుగులు ఉండాలి, అప్పుడే అమ్మ రెండు చేతులూ బిడ్డ ముఖమూ ఒకే ఫ్రేములో పడతాయి. ముఖం మాత్రమే కనబడితే మాకు పనికిరాదు. చూడాల్సింది చేతులనే.

వారానికి రెండు కాల్స్, ఒక్కోటి 40 నిమిషాలు, మధ్యాహ్నం మిషన్లు ఆగే వేళ. నెట్‌వర్క్ తెగితే ఏం చేయాలో ముందే మాట్లాడుకున్నాం: అమ్మ పని ఆపకుండా ఆ పది ప్రయత్నాలూ పూర్తి చేస్తుంది, రెండు నిమిషాల క్లిప్ తీసి తర్వాత పంపుతుంది. స్నానం, బట్టలు మార్చే వేళ క్లిప్పులు వద్దు. క్లిప్పులు ఏ గ్రూపులోనూ పెట్టకూడదని, చూశాక రెండు వైపులా తీసేస్తామని రాతపూర్వకంగా ఒప్పుకున్నాం.

లెక్క పట్టడం

పీసు పని చేసే తల్లికి పుస్తకం ఇచ్చి "ముందేం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏమైంది" రాయమంటే రాత్రి పడుకునే ముందు గుర్తొచ్చింది రాస్తుంది. అలాంటి లెక్కలో అన్నీ పెద్దవిగా కనబడతాయి. దానికి బదులు పొద్దున 10 నుంచి 11 దాకా, 5 నిమిషాలకోసారి మోగేట్టు ఫోన్‌లో టైమర్. మోగిన క్షణంలో తలెత్తి చూడాలి. వాడు తిప్పుతూ ఉంటే ఒక కంది గింజ ఎడమ గిన్నెలోంచి కుడి గిన్నెలోకి. అంతే. గంటకు 12 చూపులు, కుట్టు ఆపక్కర్లేదు. చేతిలోంచి తీసుకున్న సందర్భాలకు వేరే గిన్నె: అరిస్తే శనగ గింజ, అరవకపోతే కంది గింజ.

మొదటి 5 రోజుల్లో 12 చూపులకు 8 నుంచి 10 సార్లు తిప్పుతూనే ఉన్నాడు. 21 సార్లు చేతిలోంచి తీసుకుంటే 19 సార్లు అరుపు. ఎక్కువసేపు సాగిన ఏడుపు 14 నిమిషాలు.

ఎందుకు చేస్తున్నాడో తేల్చడానికి కాల్‌లోనే చిన్న పరీక్షలు పెట్టాం, ఒక్కోటి 5 నిమిషాలు. అమ్మ దూరంగా కూర్చుని పట్టించుకోనప్పుడు తిప్పాడు. అమ్మ ఎదురుగా కూర్చుని ఆడిస్తున్నప్పుడూ తిప్పాడు, కాస్త తక్కువగా. ఎవరూ లేకపోయినా తిప్పుతాడు. అంటే తిప్పుడు ఎవరి దృష్టి కోసమో కాదు, ఆ తిరుగుడు చూడడమే వాడికి దక్కే ఫలితం. అరుపు లెక్క వేరు. బాబిన్ అమ్మ చేతిలో ఉన్నప్పుడే అరుస్తాడు, ఇచ్చిన క్షణాన ఆగిపోతాడు. అరుపు వాడి దగ్గరున్న ఒకే ఒక మాట: "ఇవ్వు". ఈ రెంటినీ కలిపేసి ఒకే మందు వేయబోతేనే పని చెడుతుంది. తిప్పుడుకు హద్దు కావాలి, అరుపుకు బదులుగా ఒక మాట కావాలి.

అరుపును మాటగా మార్చే ఈ పద్ధతిని 1985లో కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఇంటికి దగ్గరి క్లినిక్‌లో తల్లిదండ్రులు, దూరంగా తెర మీద నిపుణులు కూర్చుని ఇదే చేయించవచ్చని 2013లో అయోవా విశ్వవిద్యాలయం బృందం చిన్నపిల్లలతో చేసిన పనిలో కనబడింది. అయితే వాళ్లు పట్టుకున్నది కొట్టడం, విసరడం లాంటివాటిని. తిప్పుడు లాంటి తనకు తానే దక్కే ఆనందానికి మాట నేర్పడం ఒక్కటే సరిపోదు.

ఒక ప్రయత్నం, దగ్గరగా

ఇంట్లో దొరికే బాబిన్లన్నీ ఏరి మూత బిగించే స్టీలు డబ్బాలో పెట్టించాం. మిషన్ సొరుగుకు తాళం. ఆటకు 6 బాబిన్లు, లెక్కపెట్టి తీసి లెక్కపెట్టి లోపల పెట్టాలి. బాబు వాటిని నోట్లో పెట్టుకోడని చూసుకున్నాకే ఇది. నోట్లో పెట్టుకునే బిడ్డకైతే బాబిన్ అసలు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. పెద్ద స్టీలు మూతలు, బొంగరం వాడాలి.

అమ్మ నేల మీద వాడికెదురుగా. డబ్బా ఆమె కుడిచేతిలో, ఛాతీ ఎత్తున. ఎడమ అరచెయ్యి చాపి డబ్బాకు ముందు. వాడు డబ్బా వైపు చెయ్యి చాపుతాడు. వెనక కూర్చున్న అవ్వ వాడి మణికట్టు తేలిగ్గా పట్టి, ఆ చేతిని అమ్మ అరచేతిలో పెడుతుంది. తగిలిన మరుక్షణం అమ్మ "ఇయ్" అని, ఒక్క బాబిన్ ఇస్తుంది. మేం మొదట "ఇవ్వు" అని చెప్పించాం. ఆ ఇంట్లో ఎవరూ అలా అనరు, "ఇయ్" అంటారు. బిడ్డ చుట్టూ తిరిగే మాటనే నేర్పాలి, వెంటనే మార్చుకున్నాం.

బాబిన్ నేల మీద గిర్రున తిరుగుతుంది, ఏడెనిమిది సెకన్లు. అది పడిపోయేదాకా అమ్మ నోరు విప్పకూడదు. ఇది అందరికీ కష్టంగా అనిపించే భాగం. "నాన్నా చూడు, ఇటు చూడు, అమ్మ చూడు, ఎంత బాగా తిరుగుతాందో" అని మొదటి క్లిప్‌లో పది సెకన్లలో ఇరవై మాటలు దొర్లాయి. ఆ మాటల వానలో "ఇయ్" అన్నది మునిగిపోతుంది. బాబిన్ పడ్డాక మళ్లీ అరచెయ్యి. అలా పదిసార్లు, ఏడు నిమిషాల్లో అయిపోతుంది. రోజుకు మూడు విడతలు.

రెండో రోజు నుంచి అవ్వ 2 సెకన్లు ఆగి చెయ్యి పట్టింది, నాలుగో రోజు 4 సెకన్లు. మణికట్టు నుంచి మోచేతికి, అక్కడి నుంచి భుజం మీద ఒక వేలికి, తర్వాత అసలు లేకుండా. బిడ్డ చెయ్యి వెనక్కు లాక్కుంటే పట్టు వదిలేయమన్నాం. పట్టి పెట్టించడం నేర్పడం కాదు. 9వ రోజున వాడే అమ్మ అరచేతిని వెతుక్కుంటూ వచ్చి తట్టాడు. ఆ క్లిప్‌లో అమ్మ "ఇయ్" అనడం మరిచిపోయి ఏడ్చింది. ఆ ఒక్కసారికి లెక్కలో తప్పు వేయలేదు.

ఆ తర్వాత ఆటను కాస్త పొడిగించాం. తిప్పడం తీసేయలేదు, దానికి తోక కట్టాం. తిప్పు, ఆపై మూతకు చీలిక ఉన్న డబ్బాలో వెయ్యి. "టంగ్" మని చప్పుడవుతుంది, అది వాడికి నచ్చింది. తర్వాత వాలుగా పెట్టిన చపాతీ పీట మీద నుంచి దొర్లించడం. ఖాళీ అయిన దారం కోన్లు ఒకదాని మీద ఒకటి పేర్చడం. కోన్లు ఆ ఇంట్లో గంపల కొద్దీ ఉన్నాయి, మూడుతో మొదలై ఎనిమిది దాకా పోయింది. కొత్త మెట్టు వారానికి ఒకటి, అంతకు మించి వద్దు.

విడత ముగించడానికి రెండు స్టీలు ప్లేట్లు. ఎడమ ప్లేట్లో ఉగ్గాని ఒక చెంచా, కుడి ప్లేట్లో బాబిన్ డబ్బా. "ముందు తిను, తర్వాత తిప్పు." బొమ్మల కార్డులు కూడా వాడవచ్చు గానీ, ఈ వయసులో అసలు వస్తువే ఎదురుగా ఉంటే త్వరగా ఎక్కుతుంది.

మిగతా రోజంతా వాడి వెంట పడొద్దని గట్టిగా చెప్పాం. అడ్డుకునేది మూడు వేళల్లోనే: అన్నం, స్నానం, మిషన్ దగ్గరకు వెళ్లినప్పుడు. అప్పుడు కూడా లాక్కోకూడదు. వాడి ఎత్తుకు వంగి, బాబిన్ కింద అరచెయ్యి పట్టి, మూడు వేళ్లు ఒకటొకటిగా మడిచి, వాడు వదలగానే బదులు వస్తువు ఇవ్వాలి. రోజుకు నలభై సార్లు అడ్డుపడితే నలభై గొడవలు అవుతాయి, నేర్పడం ఉండదు.

దారి తప్పిన చోట్లు

మూడో వారం అరుపులు ఒక్కసారిగా పెరిగాయి. ఇది రావాల్సిందే, ముందే చెప్పి ఉంచాం. పాత మాట పనిచేయకపోతే ఎవరైనా మొదట గొంతు పెంచుతారు. కానీ పెరిగి తగ్గాల్సింది తగ్గలేదు. క్లిప్పులు వరుసగా చూస్తే కారణం కనబడింది. సాయంత్రం వేళ అవ్వ ఇచ్చేస్తోంది. "అబ్బోడు గసపోసుకుంటాంటే సూడల్యాక ఇచ్చేస్తి మేడం," అంది. ఆమెను తప్పుపట్టలేం. కానీ రోజూ ఇస్తే ఒక తీరు, ఎప్పుడూ ఇవ్వకపోతే ఒక తీరు. ఒకసారి ఇచ్చి నాలుగుసార్లు ఇవ్వకపోతేనే అరుపు బాగా ముదురుతుంది, ఎందుకంటే ఐదోసారి దాకా అరిస్తే వస్తుందని వాడికి తెలిసిపోతుంది.

అవ్వను పక్కన పెట్టడానికి బదులు తాళంచెవి ఆమెకే ఇచ్చాం. ఒక్కటే మాట చెప్పాం: "అవ్వా, ఇయ్యాలనిపిస్తే ఏడవక ముందే ఇయ్యండి. ఏడుపు మొదలయ్యాక మాత్రం వద్దు." ఇది ఆమెకు సాధ్యమైన పని. వారంలో సాయంత్రపు అరుపులు సగానికి దిగాయి.

నాలుగో వారం పెద్ద ఆర్డర్ వచ్చి అమ్మ పది గంటలు మిషన్ మీదే ఉంది. రెండు కాల్స్ పోయాయి. మూడు విడతలను మూడు ప్రయత్నాలకు కుదించి, మిషన్‌లో బాబిన్ మార్చే క్షణానికి ముడిపెట్టాం. ఎలాగూ చెయ్యి ఆగుతుంది, బాబిన్ చేతిలో ఉంటుంది, అర నిమిషం చాలు. ఇది మా ఆలోచన కాదు, అమ్మదే. ఆ తర్వాత ఇలాంటి ఇళ్లకు మేమే ఇది మొదటి వారం నుంచి చెబుతున్నాం.

ఐదో వారం ఒక ప్రమాదం తప్పింది. బాబిన్లకు హద్దు పడేసరికి వాడు మిషన్ పక్క చక్రం పట్టి తిప్పడం మొదలెట్టాడు. చక్రం తిరిగితే సూది దిగుతుంది. వాడికి కావాల్సింది బాబిన్ కాదు, తిరుగుడు. ఒక దారి మూస్తే ఇంకొకటి వెతుక్కుంటాడని మేం ముందే అంచనా వేసి ఉండాల్సింది. విడతలు కాక వాడు స్వేచ్ఛగా తిప్పుకునే వేళను రోజుకు 30 నిమిషాల నుంచి 45కు పెంచాం, బొంగరం, పెద్ద మూతలు చేర్చాం. మిషన్ దగ్గర లేనప్పుడు మెయిన్ స్విచ్ ఆపడం, చక్రం మీద గుడ్డ తొడుగు కట్టడం ఇంటి నియమం అయ్యాయి. హద్దు వేసేటప్పుడే దానికి సాటి వచ్చేది ఇంకొకటి చేతికివ్వాలి.

మరొక తప్పు మాది. కాల్‌లో మాట రెండు సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. మేం "బాగుంది" అన్నప్పటికి అమ్మ తర్వాతి ప్రయత్నంలో ఉంటుంది, అక్కడ తప్పు చేస్తున్నా మెచ్చుకున్నామనుకుంటుంది. అందుకని ప్రయత్నం నడిచేటప్పుడు మేం నోరు మెదపలేదు. బాబిన్ పడ్డాకే ఒక్క మాట: "చెయ్యి", "ఆగు", "ఇయ్". మిగతా వివరమంతా చివరి పది నిమిషాల్లో, బిడ్డను అవ్వ ఎత్తుకున్నాక.

ఫ్యాన్

ఎండాకాలంలో ఫ్యాన్ లేకుండా ఎవరం ఉండలేం. కానీ వాడు ఏడ్చేది ఉక్కకు కాదు, తిరిగేది ఆగినందుకు. చల్లటి తెల్లవారుజామున ఆగినా అదే ఏడుపు. ఈ పని ఆరో వారంలో, పొద్దున 7 గంటలకు మొదలైంది. నడి మధ్యాహ్నం ఇలాంటివి చేయించకూడదు.

అమ్మ వేలు గాలిలో గుండ్రంగా తిప్పి పిడికిలి మూసి "ఫ్యాన్ ఆగుతాది" అంటుంది, స్విచ్ నొక్కుతుంది. 3 సెకన్లు. మళ్లీ వేస్తుంది. రెక్కలు పూర్తిగా ఆగేలోపే మళ్లీ ఊపందుకుంటాయి. ఐదుసార్లు, పొద్దున ఒక విడత, సాయంత్రం ఒకటి. వరుసగా మూడుసార్లు ఏడవకపోతే తర్వాతి మెట్టు: 10 సెకన్లు, 30, ఒక నిమిషం, 5 నిమిషాలు. ఏడిస్తే వెంటనే వేయకూడదు, అలాగని పంతానికీ పోకూడదు. ఊపిరి తీసుకోవడానికి వాడు ఆగే ఆ రెండు సెకన్ల సందు చూసి వేయాలి, తర్వాతిసారి ఒక మెట్టు కిందికి దిగాలి. 30 సెకన్ల దగ్గర వాడు నాలుగు రోజులు చిక్కుకుపోయాడు. అప్పుడు ఆపడం మానేసి రెగ్యులేటర్‌ను 5 నుంచి 3కు, 1కి తగ్గించడం చేయించాం. నెమ్మదించడం అలవాటయ్యాక ఆగడం తేలికైంది. ఆగిన వేళ వాడి చేతికి విసనకర్ర ఇచ్చేవాళ్లు, ఆ కదలికా వాడికి నచ్చింది.

12వ వారం నిజంగానే 20 నిమిషాలు కరెంట్ పోయింది. 3 నిమిషాలు ఏడ్చి, విసనకర్ర కోసం అవ్వ అరచెయ్యి తట్టాడు. ముందైతే కరెంట్ వచ్చేదాకా ఏడ్చేవాడు.

అంకెలు, వాటికంటే ముందు చూడాల్సిన వరుస

అనుకున్న 24 కాల్స్‌లో 19 జరిగాయి. ప్రతి కాల్‌లో పది ప్రయత్నాలు చూసి, అమ్మ చేసిన తీరుకు మేం మార్కులు వేశాం: వాడి ఎత్తులో ఉందా, అరచెయ్యి ముందే చాపిందా, ఒక్క మాటే అందా, తట్టిన సెకనులోపు ఇచ్చిందా, తిరిగేటప్పుడు మౌనంగా ఉందా, అరిచినప్పుడు ఇవ్వలేదా. ఆరూ సరిగ్గా పడితేనే ఆ ప్రయత్నానికి మార్కు. మొదటి వారం పదికి 3. నాలుగో వారం ఆర్డర్ ఒత్తిడిలో 5. ఆరో వారం 9. బిడ్డ లెక్క కదిలింది సరిగ్గా దాని వెనకే, ఏడో వారం నుంచి. అమ్మ మార్కు 8 దాటకముందే బిడ్డలో మార్పు లేదని పద్ధతి మార్చేస్తే, పద్ధతిని పరీక్షించకుండానే పారేసినట్టు. ఫోన్ కోచింగ్‌లో మొదట చదవాల్సింది అమ్మ చేతుల వరుసే, బిడ్డ వరుస ఆ తర్వాత.

12వ వారం, పొద్దున 10 నుంచి 11: 12 చూపులకు 3 సార్లు తిప్పుతూ కనబడ్డాడు. చేతిలోంచి తీసుకున్న 10 సార్లలో అరుపు 2, ఎక్కువసేపు సాగినది 2 నిమిషాలు. రోజుకు పద్నాలుగు, పదిహేను సార్లు అరచెయ్యి తట్టి అడుగుతున్నాడు, అందులో కొన్నిసార్లు "ఇ" అన్న శబ్దం వస్తోంది. ఎనిమిదో వారం జ్వరం వచ్చి నాలుగు రోజులు అన్నీ మొదటికొచ్చాయి. అప్పుడు పని ఆపించాం, జ్వరం తగ్గిన మూడో రోజుకు తిరిగి దారిలో పడ్డాడు.

మారనివి కూడా రాయాలి. ఓరచూపు అలాగే ఉంది. నిద్ర ఇంకా రాత్రి పదకొండుకే. అమ్మమ్మ వాళ్లింట్లో ఫ్యాన్ ఆగితే పాత ఏడుపే, అక్కడ ఎవరూ సాధన చేయించలేదు మరి. చేతులు ఇప్పుడూ ఆడిస్తాడు, ఇంట్లో ఎవరూ ఆపరు.

తల దెబ్బలు తగిలేట్టు గోడకు బాదుకునే బిడ్డకు, కన్ను పొడుచుకునే బిడ్డకు, ఉన్న మాటలు పోతున్న బిడ్డకు ఈ ఫోన్ దారి మొదటి దారి కాకూడదు. ఎదురుగా చూడాలి, త్వరగా చూడాలి. తల్లికి నిద్ర పట్టకపోయినా, ఏ పనిమీదా మనసు నిలవకపోయినా ఆమె మీద ఇంత పని మోపకూడదు. పదిహేను రోజులకోసారి బిడ్డ సంగతి పక్కన పెట్టి ఆమె నిద్ర గురించే ఐదు నిమిషాలు అడిగాం.

నెల తర్వాత చూస్తే లెక్కలు దాదాపు అలాగే నిలిచాయి. ఇప్పుడు పొద్దున అరగంట అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. టీచర్‌కు అరచెయ్యి గుర్తు చూపించడానికి అమ్మ మొదటి మూడు రోజులు పక్కనే కూర్చుంది. అక్కడికి బాబిన్లు పంపలేదు, వాడి కంటే చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారని. వాటికి బదులు రెండు పెద్ద స్టీలు మూతలు సంచిలో వేసి పంపుతున్నారు, వాటి వెనక వాడి పేరు రంగుతో రాసి ఉంది.